బండి వెనకాల లైట్లు, రిఫ్లెక్టివ్ టేపు: ఏది పనికొచ్చింది, ఏది దండగ

వరంగల్ నుంచి గూడెప్పాడ్ దాటి పరకాల రోడ్డెక్కితే రాత్రి తొమ్మిది తర్వాత రోడ్డంతా ఇసుక లారీలదే. ఎదురొచ్చే లారీ సంగతి మనం చూసుకుంటాం, లైట్లు కనబడగానే పక్కకు జరుగుతాం. వెనక నుంచి వచ్చే డ్రైవర్‌కు మనం ఎంత దూరం నుంచి కనబడుతున్నామో మాత్రం మనకు తెలియదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలని రూల్ పెట్టారు, ఎదురొచ్చేవాళ్లకు కనబడటానికి అది బాగానే ఉంది. వెనకాల చూస్తే అదే చిన్న టెయిల్ లైటు, దాని కింద అగ్గిపెట్టెంత ఎర్ర రిఫ్లెక్టరు, వానాకాలం వస్తే దాని మీద సగం బురద.

అందుకే నా పాత వంద సీసీ బండికి వెనక వైపు మూడు రకాలుగా ఖర్చు పెట్టి చూశాను: లారీలకు వేసే ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు, ఎల్‌ఈడీ బ్రేక్ స్ట్రిప్పు, టెయిల్ లైట్లోకి ఎల్‌ఈడీ బల్బు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, పొగమంచు పట్టే జనవరి పొద్దులు అన్నీ చూసింది బండి, ఇప్పుడు రాస్తే అర్థం ఉంటుంది. అన్నిటికంటే తక్కువ డబ్బు పెట్టింది టేపుకే, ఎక్కువ పని చేసిందీ అదే.

టేపు ఎక్కడ కొనాలన్నది ముఖ్యం. బైక్ యాక్సెసరీస్ షాపుల్లో రిఫ్లెక్టర్ అని అడిగితే రేడియం స్టిక్కర్ రోల్ తీసి ముందు పెడతారు, నంబర్ ప్లేట్ మీద పేర్లు కోసి అంటించే రకం. అది పగలు భలే మెరుస్తుంది, రాత్రి హెడ్‌లైట్ పడితే మామూలు ఎర్ర కాగితంలాగే ఉంటుంది. నేను ఆటోనగర్‌లో లారీ సామాను అమ్మే షాపుకు పోయి తెచ్చుకున్నాను, రెండంగుళాల వెడల్పు, మీటరు నూట ఇరవై రూపాయలు పడింది. బైకుకు మీటరు చాలు, ఇంకా మిగులుతుంది. లారీలకు ముందు తెల్లది, పక్కల పసుపుది, వెనకాల ఎర్రది వెయ్యాలన్న రూల్ ఉంది కదా, ఆ టేపుకు ఏఐఎస్ 090 అని ఒక ప్రమాణం (బండ్ల సామానుకు మన దేశంలో పెట్టుకున్న కొలమానం) ఉంటుంది, మంచి కంపెనీ టేపు మీద ఆ గుర్తు అచ్చేసి ఉంటుంది. అయితే నకిలీ టేపు మీద ఆ గుర్తును కూడా అచ్చేసి అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి షాపులోనే చూసుకోవాలి. టేపు ముక్కను షాపులో కాస్త చీకటిగా ఉన్న మూలకు పెట్టి, పది అడుగులు వెనక్కు వచ్చి, ఫోన్ టార్చ్ వేసి ఫోన్‌ను కంటి పక్కన, చెంపకు ఆనించి పట్టుకోండి. అసలుదైతే భగ్గుమని కంటికి కొడుతుంది. ఫోన్‌ను కిందికి, నడుము దగ్గరికి దించితే ఆ వెలుగు చాలావరకు తగ్గిపోతుంది. నకిలీది చెంప దగ్గర పెట్టినా నడుము దగ్గర పెట్టినా ఒకేలా ఉంటుంది. ఎందుకంటే ఈ టేపులో కంటికి ఆనని చిన్న చిన్న పట్టకాలు ఉంటాయి, అవి పడ్డ వెలుగును చెల్లాచెదురు చెయ్యకుండా వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. హెడ్‌లైట్ ఎవరిదో వెలుగు వాళ్లకే ఎక్కువగా తిరిగి పోతుంది.

దీనికి వైరు లేదు, బ్యాటరీ లేదు. బండి ఆగిపోయి, బ్యాటరీ కూడా చచ్చి రోడ్డు పక్కన నిలబెట్టిన రోజున వెనక లైట్లన్నీ ఆరిపోయినా ఇదొక్కటి పని చేస్తుంది. లోపం కూడా చెప్పాలి: వెనక బండికి హెడ్‌లైట్ ఉంటేనే ఇది మెరుస్తుంది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలేసుకుని లైట్లు లేకుండా వచ్చే ట్రాక్టర్ వెనక నుంచి వస్తే టేపు ఏం చెయ్యలేదు. బురద పడితే అంతే, వారానికోసారి తడిబట్టతో తుడవాలి.

అంటించేటప్పుడు అందరూ చేసేది నంబర్ ప్లేట్ పక్కన మధ్యలో ఒక ముక్క పెట్టడం. మధ్యలో పెడితే సగం లాభం పోతుంది. చీకట్లో ఒకే ఎర్ర చుక్క కనబడితే అది దగ్గరుందా దూరముందా, మనం దాన్ని ఎంత వేగంగా చేరుతున్నామో అన్నది అందదు. రెండు ముక్కలు ఎడంగా ఉంటే దగ్గరికి వచ్చేకొద్దీ వాటి మధ్య దూరం పెరుగుతున్నట్టు కనబడుతుంది, డ్రైవర్ కాలు బ్రేక్ మీదికి పోయేది అప్పుడే. నేను గ్రాబ్ రైల్ (వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీ) రెండు చివర్లకు చెరొక ముక్క, మడ్‌గార్డ్ కింది భాగంలో ఒకటి వేశాను, మూడూ కలిపి త్రికోణంలా కనబడతాయి. చీర గార్డుకు పక్క నుంచి పసుపు టేపు వేశాను, అడ్డరోడ్ల నుంచి వచ్చేవాళ్ల కోసం. ముందు స్పిరిట్‌తో తుడిచి, మూలలు గుండ్రంగా కత్తిరించి అంటిస్తే లేవదు. కిరోసిన్‌తో తుడవకండి, జిడ్డు మిగిలి వారంలో ఊడుతుంది. హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్ మీద మాత్రం ఏమీ అంటించొద్దు, చలానా ఖాయం.

ఇక స్ట్రిప్పు. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక షాపులో కొన్నాను. కౌంటర్ మీది పిల్లగాడు ముందు తీసింది రిమోట్‌ది. "అన్నా, గిది తీస్కో, ఏడు రంగులు మారుతది, యాప్‌ల కూడా పెట్టుకోవచ్చు" అన్నాడు. వెనక వైపు ఎరుపే ఉండాలి, నీలం ఎరుపు మిణుకులు పోలీసోళ్లకు, అంబులెన్సులకు. "ఎర్రగ ఒక్కతీరుగ వెలిగేది చూపియ్ తమ్మీ" అంటే కాసేపు వెతికి మూడు వైర్లది ఒకటి తెచ్చాడు, మూడొందల యాభై. మామూలుగా సన్నగా వెలుగుతుంది, బ్రేక్ నొక్కితే గట్టిగా వెలుగుతుంది.

సరుకు మంచిదే. మామూలు బల్బులో ఫిలమెంట్ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు వరకు పడుతుంది, ఎల్‌ఈడీ నొక్కగానే వెలుగుతుంది. అరవై స్పీడంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు, అంటే వెనకవాడికి మూడు మీటర్లు ముందే తెలుస్తుంది. ఆ మూడు మీటర్ల కోసమైనా డబ్బు పెట్టొచ్చు. బ్రేక్ నొక్కినంతసేపూ టపటపా కొట్టుకునే రకం మాత్రం వద్దు, బస్టాండ్ ముందు ట్రాఫిక్‌లో వెనకవాళ్లు మనల్ని తిట్టుకుంటారు, పైగా బ్రేకా ఇండికేటరా అన్నది అర్థం కాదు.

సర్వీసుకు మాత్రం ఆ షాపుకు సున్నా. ఫిట్టింగ్‌కు నూట యాభై తీసుకుని, వైరు మీద తొడుగు పళ్లతో కొరికి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పంపాడు. మొదటి గట్టి వానకే షార్ట్ అయి ఫ్యూజు పోయింది, దాంతోపాటు హారనూ ఇండికేటర్లూ పోయాయి. అడగడానికి పోతే "నీళ్లు పడితే వారంటీ ఉండదు" అన్నారు. వానలో పని చెయ్యని బ్రేక్ లైటుకు వారంటీ ఉంటే ఎంత, లేకపోతే ఎంత! తర్వాత ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ అన్న కూర్చోబెట్టి చూపించాడు. నా బండిలో ఆకుపచ్చ వైరు ఎర్తింగు, బ్రౌన్ టెయిల్ లైటుది, ఆకుపచ్చ మీద పసుపు గీత ఉన్నది బ్రేక్‌ది. మూడూ సోల్డరింగ్ చేసి, ఒక్కోదానికి స్లీవ్ తొడిగి లైటర్‌తో వేడి చేస్తే అది ముడుచుకుని వైరును పట్టేసింది. మళ్లీ చెయ్యి పెట్టే పని పడలేదు. స్ట్రిప్పు వెనక వచ్చే డబుల్ టేపును కూడా నమ్మొద్దు, మే నెల ఎండకు జారిపోతుంది, రెండు కేబుల్ టైలు వేసుకోండి.

ఎల్‌ఈడీ బల్బు దండగ. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే వెలుగు పాలిపోయి గులాబీ రంగులో వస్తుంది, ఎందుకంటే ఆ తెలుపులో ఎరుపు భాగం తక్కువ. సరే అని ఎర్ర ఎల్‌ఈడీ పెడితే అద్దం బాగా వెలుగుతుంది గానీ, కింద నంబర్ ప్లేట్ మీద పడే వెలుగు కూడా ఎర్రగా మారుతుంది, అది తెల్లగా ఉండాలి. తీసేసి పాత 5/21 వాట్ల (టెయిల్‌కు 5, బ్రేక్‌కు 21) బల్బే మళ్లీ పెట్టాను. ఇండికేటర్లకు కూడా ఎల్‌ఈడీలు వేద్దామనుకునేవాళ్లు ఫ్లాషర్ (ఇండికేటర్లను మిణుకుమనిపించే చిన్న డబ్బా) కూడా మార్చాలి, లేకపోతే లోడు తక్కువై గబగబా కొట్టుకుంటాయి.

ఇవన్నీ కొనేముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. రాత్రి బండి వెనక భాగం గోడ వైపు ఉండేలా నిలబెట్టి, ముందు బ్రేక్ ఒక్కటే నొక్కండి, తర్వాత కాలి బ్రేక్ ఒక్కటే నొక్కండి. రెండింటికీ గోడ మీద ఎరుపు పెరగాలి. పాత బండ్లలో ముందు బ్రేక్ స్విచ్ చచ్చిపోయి ఉండటం మామూలే, చేతి బ్రేక్ మీదే బతికేవాళ్లకు అసలు బ్రేక్ లైటే లేనట్టు లెక్క. కాలి బ్రేక్ దగ్గర స్విచ్‌కు ఒక స్ప్రింగ్, ఒక నట్టు ఉంటాయి, నట్టు తిప్పి బ్రేక్ పట్టేలోపే లైటు వెలిగేలా సర్దుకోవచ్చు.

రిఫ్లెక్టివ్ జాకెట్ గురించి అడిగేవాళ్లకు: చలికాలంలో సరే, ఏప్రిల్ మేలో మన దగ్గర వేసుకోవడం అయ్యే పని కాదు. పైగా వీపున బ్యాగు ఉంటే జాకెట్ పట్టీలన్నీ దాని కిందే దాక్కుంటాయి. మిగిలిన టేపు బ్యాగు రెయిన్ కవర్‌కు అంటిస్తే మడతల దగ్గర పగిలింది, బట్టకు కుట్టే రిఫ్లెక్టివ్ పట్టీ వేరే దొరుకుతుంది, అది తెచ్చి దర్జీతో కుట్టించాను, కుట్టుకూలి ముప్పై రూపాయలు.