ఎన్.ఎం.ఆర్. పరీక్షా సేవ: ప్రోటాన్‌కు మంచి మార్కులు, కార్బన్‌కు కావు

అణువుల నిర్మాణాన్ని అయస్కాంత క్షేత్రంలో పరీక్షించే ఎన్.ఎం.ఆర్. (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్) యంత్రం మా పరిశోధనశాలలో లేనందువల్ల, ఏడాదిగా శాంపిళ్లను ఒక విశ్వవిద్యాలయపు పరికరాల కేంద్రానికి రుసుము కట్టి పంపుతున్నాను. అక్కడున్నది 400 మెగాహెర్ట్జ్ యంత్రం. ద్రవ హీలియంలో మునిగి ఉండే దాని అతివాహక తీగచుట్ట 9.4 టెస్లాల అయస్కాంత క్షేత్రాన్నిస్తుంది. చిన్న అణువుల నిర్మాణం తేల్చుకోవడానికి అది ధారాళంగా సరిపోతుంది.

ప్రోటాన్ స్పెక్ట్రాలపై, అంటే అణువులోని హైడ్రోజన్ల సంకేతాల పటాలపై, నాకు ఫిర్యాదు లేదు. ఆపరేటర్ ఓపికగా షిమ్మింగ్ చేస్తారు (అయస్కాంత క్షేత్రాన్ని శాంపిల్ అంతటా సమంగా సర్దుతారు) కనుక పీకులు సన్నగా వస్తాయి. ట్యూబులో ద్రావణం 0.6 మిల్లీలీటరుకు తగ్గినా, అడుగున నలక కనిపించినా, నడిపే ముందే ఫోన్ చేస్తారు.

అన్నిటికన్నా విలువైనది ఆ కేంద్రాన్ని చూసే కెమిస్ట్రీ ప్రొఫెసర్ గారి సలహా. ఒక బెంజోయిక్ ఆమ్లపు ఇథైల్ ఎస్టర్ శాంపిల్‌లో 4.12 పీపీఎం (స్పెక్ట్రంలో పీకు స్థానాన్ని చెప్పే కొలమానం) దగ్గర క్వార్టెట్ (నాలుగుగా చీలిన పీకు) చూసి, చర్య జరిగిపోయిందని నేను సంబరపడుతుంటే, ఆయన 2.05 దగ్గరి ఒంటి పీకును, 1.26 దగ్గరి ట్రిప్లెట్‌ను (మూడుగా చీలిన పీకును) పెన్సిల్ మొనతో చూపించి, "ఇది మీ ఎస్టర్ కాదండీ, శుద్ధి చేసే కాలమ్‌లో మీరు వాడిన ద్రావణి, ఇథైల్ అసిటేట్" అన్నారు. నాకు కావలసిన క్వార్టెట్ 4.3, 4.4 మధ్య రావాలన్న సంగతి అప్పటికి గాని తట్టలేదు. ఆ రెండు నిమిషాలకు రుసుము లేదు.

పేచీ అంతా కార్బన్ స్పెక్ట్రం ఇచ్చే కార్బన్-13 ఐసోటోపు దగ్గరే. సహజ కార్బన్‌లో ఆ ఐసోటోపు వాటా దాదాపు 1.1 శాతమే కాబట్టి సంకేతం బలహీనం. రొదతో పోలిస్తే దాన్ని రెట్టింపు చేయాలంటే స్కాన్లు నాలుగింతలు కావాలి. ఇక్కడ మాత్రం శాంపిల్ పలచనిదైనా చిక్కనిదైనా ఒకే సమయం కేటాయిస్తారు. ఆ తొందరలో హైడ్రోజన్ లేని కార్బన్లు, ముఖ్యంగా కార్బొనిల్ (ఆక్సిజన్‌తో జంటబంధమున్న కార్బన్), రొదలో కలిసిపోయాయి. మళ్లీ నడపమంటే పూర్తి రుసుము మళ్లీ కట్టించుకున్నారు. ఇది సమర్థించదగినది కాదు.

పైగా ఫలితాన్ని పీడీఎఫ్‌గా మాత్రమే మెయిల్ చేస్తారు. 1966లో శాస్త్రవేత్తలు రిచర్డ్ ఎర్నస్ట్, వెస్టన్ ఆండర్సన్ ఫూరియే పద్ధతిని (సంకేతాన్ని గణితంతో పౌనఃపున్యాలుగా విడదీసే పద్ధతిని) ఎన్.ఎం.ఆర్.లోకి తెచ్చాక, యంత్రం అసలు కొలిచేది క్షణాల్లో అణగిపోయే ఎఫ్.ఐ.డి. (ఫ్రీ ఇండక్షన్ డికే) సంకేతాన్ని, స్పెక్ట్రం దాని నుంచి లెక్కకట్టి తీసిన బొమ్మ. బొమ్మ ఒక్కటే చేతికొస్తే పీకుల ఆకారం చక్కబరచేలా ఫేజు సరిచేసుకోవడానికీ, ఇంటెగ్రల్ (పీకు కింది వైశాల్యం) మళ్లీ వేసుకోవడానికీ వీలుండదు. అడిగితే ఆ ఎఫ్.ఐ.డి. ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇస్తారని నాకు మూడో నెలలో తెలిసింది. కొత్తగా పంపేవారు దరఖాస్తులోనే "ఎఫ్.ఐ.డి. కావాలి" అని రాయండి, కార్బన్‌కైతే శాంపిల్ కాస్త చిక్కగానే కలిపి పంపండి.