బ్యాచ్ గేమ్‌లో టైమ్ పెట్టి కీ తీసుకోవాలంటే: ఛాయిసా, పవర్‌షెల్లా?

బ్యాచ్ ఫైల్ (విండోస్ కమాండ్లు వరుసగా రాసిన ఫైల్)తో చేసే గేమ్‌లో, ఆటగాడు ఇంత సేపట్లో కీ నొక్కాలని గడువు పెట్టాలంటే ఏది వాడాలి? ఇన్‌పుట్ అడిగే సెట్ స్లాష్ పీ కమాండ్ సంగతి వదిలేయండి, ఎంటర్ కొట్టేదాకా కదలదు. క్విజ్, టెక్స్ట్ అడ్వెంచర్ లాంటివాటికి నా ఓటు ఒక్క కీ నొక్కితే చాలనే ఛాయిస్ కమాండ్‌కే. విస్టా నుంచి విండోస్‌లోనే ఉంటుంది, వేరే ఏదీ దించుకోనక్కర్లేదు. స్లాష్ సీ పక్కన డబ్ల్యూ, ఏ, ఎస్, డీ, ఎక్స్ అక్షరాలు కలిపి రాసి, స్లాష్ టీ 1, స్లాష్ డీ ఎక్స్ అని ఇస్తే ఒక సెకను చూసి, ఎవరూ ఏమీ నొక్కకపోతే ఎక్స్ నొక్కినట్టే ముందుకెళ్తుంది. నొక్కిన కీ వరుస సంఖ్య ఎర్రర్‌లెవెల్‌లో (కమాండ్ ఫలితంగా వచ్చే సంఖ్యలో) ఉంటుంది: పైకి వెళ్లే డబ్ల్యూకి 1, ఎక్స్‌కి 5. ఇక్కడొక తిరకాసు, ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1 అంటే 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అని, అందుకే 5 నుంచి కిందికి చెక్ చేయాలి, లేదంటే ఏది కొట్టినా ఆటగాడు పైకే పోతాడు.

కానీ ఛాయిస్‌తో అర సెకను గడువు కుదరదు, యారో కీలు అసలే తీసుకోదు. స్నేక్ గేమ్‌కి ఇక అదేం పనికొస్తుంది?

విండోస్‌లోనే ఉండే మరో స్క్రిప్టింగ్ సాధనం పవర్‌షెల్‌లో, కీ నొక్కారో లేదో చెప్పే కన్సోల్ కీఅవైలబుల్‌ని చూస్తూ లూప్ తిప్పితే యారోలూ వస్తాయి, 200 మిల్లీసెకన్ల గడువూ పెట్టొచ్చు. అయితే ప్రతి కీకీ కొత్తగా పవర్‌షెల్‌ని పిలిస్తే అది లేచేసరికే గడువు అయిపోతుంది, కాబట్టి గేమ్ లూప్ మొత్తం అందులోనే రాసుకోవాలి. అప్పుడిక బ్యాచ్ ఫైల్ పేరుకే.