నాయన తుపాకీని చిత్తూరులో బాగుచేయించాను

మా ఇంట్లో ఉన్నది ఎస్‌బీఎంఎల్. ఒకటే గొట్టం, మూతి వైపు నుంచి మందు కూరే రకం, మజిల్ లోడర్ అంటారు. పంట కాపలాకని మా నాయన పేరు మీద లైసెన్స్ ఉండేది, ఆయన పోయాక నా పేరు మీదికి మార్పించుకున్నాను. పలమనేరు, బైరెడ్డిపల్లె పక్క పల్లెల్లో ఇలాంటివి ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. వాటికి రిపేరు వస్తే ఎక్కడికి పోవాలో చాలామందికి తెలియదు. బెంగుళూరుకు పోవాలేమో, మద్రాసుకు పోవాలేమో అనుకుంటారు. చిత్తూరులోనే లైసెన్స్ పెట్టుకుని ఈ పని చేసే పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన దగ్గర పని బాగుంది, ధర న్యాయంగా ఉంది, ఆలస్యం మాత్రం ఎక్కువ. నేను ఎక్కువ మార్కులు వేస్తున్నది ఆయన చేసిన రిపేరుకు కూడా కాదు, చెయ్యనని తేల్చి చెప్పిన ఒక పనికి.

ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్స్ తుపాకులను స్టేషన్‌లో అప్పగించమంటారని అందరికీ తెలిసిందే. 2024 ఎన్నికలకు మాదీ అప్పగించాను. తిరిగి తెచ్చుకునేసరికి గొట్టం మీద తుప్పు పొరలు లేచి ఉన్నాయి, కొట్టి నిప్పు పుట్టించే గుర్రం బిగుసుకుపోయింది. తేమ గదిలో గోడకు ఆనించి పెట్టారు, నూనె పూసిన గుడ్డ నేను చుట్టి ఇచ్చినది కూడా లేదు. చెక్క మడమ దగ్గర చీలిక అంతకు ముందు నుంచే ఉంది, అది ఇంకా పెరిగింది.

మాకు ఈ తుపాకీతో వేట పని లేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవి పందిని కూడా ఇష్టం వచ్చినట్టు కాల్చేదానికి లేదు, ఇక ఏనుగు సంగతి చెప్పక్కరలేదు. కౌండిన్య అభయారణ్యం మాకు దగ్గర. చెనక్కాయ ఊరే రోజుల్లో పందులు రాత్రి దిగితే తెల్లారేసరికి చేను దున్నినట్టు ఉంటుంది. సీసం వేయకుండా ఉత్త మందు కూరి ఆకాశం వైపు ఒక్కటి పేలిస్తే గుంపు అడవిలోకి మళ్ళుతుంది. ఆ శబ్దం కోసమే ఇది. కానీ శబ్దానికైనా సరే, గుర్రం నిలబడాల్సిన చోట నిలబడని తుపాకీ చేతిలో పట్టుకుంటే టెన్షనే.

మా అక్క కొడుకు అమెరికాలోని ఒహాయోలో ఉంటాడు, అక్కడి పౌరుడు. రిపేరు సంగతి ఫోన్‌లో చెబితే వాడు ఇంకో మాట ఎత్తాడు. "మామా, ఎట్లాగూ ఇస్తున్నావు కదా, దాన్ని స్మోక్‌లెస్‌కు మార్పించు. పొగ ఉండదు, కాల్చినాక కడిగే పనీ ఉండదు. నేను నా రైఫిల్‌ను అట్లాగే చేయించుకున్నాను" అన్నాడు. వీడియో కాల్‌లో దాన్ని విప్పి మరీ చూపించాడు. రెమింగ్టన్ 700, .308 తూటా వాడే రైఫిల్. ఒహాయోలో జింక వేటకు అలాంటి రైఫిల్ పనికిరాదు. మెడ దగ్గర సన్నబడే తూటాలకు అక్కడ ఆ వేటలో అనుమతి లేదు. తిన్నగా గొట్టంలా ఉండే తూటా రైఫిళ్ళకు, గొట్టం సైజు .38 అంగుళానికి తగ్గని మజిల్ లోడర్లకు అనుమతి ఉంది. అందుకని ఆ రాష్ట్రంలో చాలామంది వేటగాళ్ళు మజిల్ లోడర్లు వాడతారు. వీడు ఒక స్పెషల్ వర్క్‌షాపుకు ఇచ్చి, పాత గొట్టం తీసేయించి, .45 సైజు కొత్త స్టీలు గొట్టం వేయించుకున్నాడు. గొట్టం వెనక వైపు మూసే బ్రీచ్ ప్లగ్ బిగించి, నిప్పు పుట్టించే ప్రైమర్ బోల్టు లోపలే మూసుకుపోయేలా ఏర్పాటు చేశారు. ఇప్పుడు మందు, గుండు మూతి వైపు నుంచే వేస్తాడు, కానీ వాడేది పొగరాని మందు. సావేజ్ కంపెనీ 2000ల మొదట్లో 10ఎంఎల్ అనే మోడల్‌తో ఈ పద్ధతిని ఫ్యాక్టరీ నుంచే అమ్మింది. ఇప్పుడు ఎక్కువగా ఇలా విడిగా చేయించుకుంటున్నారట. కొలరాడో లాంటి రాష్ట్రాల్లో మజిల్ లోడర్ సీజన్‌లో పొగరాని మందు వాడకూడదని కూడా చెప్పాడు.

వాడి తుపాకీ నాకు నచ్చింది. గొట్టం పనితనం, బోల్టు మూసుకునే తీరు చూస్తే ఇష్టం పుట్టకుండా ఉండదు. అందుకే చిత్తూరు పెద్దాయన ముందు మాది పెట్టినప్పుడు ఆ మాట కూడా అడిగాను.

ఆయన అప్పటికి తుపాకీని ముట్టుకోలేదు. ముందు లైసెన్స్ ఒరిజినల్ అడిగారు, గొట్టం మీది నంబరు దానితో సరిచూసి రిజిస్టర్‌లో రాసుకున్నారు. ఆ తర్వాత చేసిన మొదటి పని, సన్నటి కడ్డీ ఒకటి మూతిలోంచి కిందికి జారవిడిచి, మూతి దగ్గర గోటితో గుర్తు పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి కొలిచారు. కడ్డీ అడుగు దాకా దిగిందంటే లోపల మందు లేదు. ఇది నాయన కూడా చేసేవాడు. ముసలి తుపాకుల్లో ఎప్పుడో కూరి మరచిపోయిన మందు ఏళ్ళ తర్వాత కూడా పేలుతుంది. ఈ ఒక్కటి చేయని మనిషికి మీ తుపాకీ ఇవ్వొద్దు.

స్మోక్‌లెస్ మాట చెప్పగానే ఆయన తల అడ్డంగా ఆడించారు. "ఆ పని చేసేదానికి లేదు స్వామీ. నేనే కాదు, ఎవరు చేస్తానన్నా ఇవ్వద్దు" అన్నారు. అక్కడితో ఆపి ఉంటే నేను వేరే చోట అడిగేవాణ్ణేమో. ఆయన కూర్చోబెట్టి చెప్పారు.

మన తుపాకీల్లో వాడే నల్లటి మందు అంటే పెట్లుప్పు, బొగ్గు, గంధకం. నూటికి సుమారు 75, 15, 10 పాళ్ళు. అది మండినప్పుడు సగానికి పైగా వాయువు కాకుండా పొగగా, మసిగా, ఉప్పుగా మిగిలిపోతుంది. అందుకే అంత పొగ, అంత మురికి. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెల్ చేసిన పొగరాని మందు దాదాపు మొత్తం వాయువుగా మారుతుంది. పైగా దాని గుణం వేరే: ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా మండుతుంది, వేగంగా మండేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నల్లటి మందును గిద్దెలాంటి కొలతతో పోసి కాల్చవచ్చు, ఇంచుమించుగా ఉన్నా నడుస్తుంది. అదే కొలతతో పొగరాని మందు పోస్తే గొట్టం చీలి చేతిలో పేలుతుంది. మేనల్లుడి రైఫిల్ .308 తూటాకు చేసినది, చదరపు అంగుళానికి 62 వేల పౌండ్ల దాకా ఒత్తిడికి లెక్క కట్టిన ఉక్కు. గొట్టం కూడా ఆ మందుకోసమే చేసినది. మాది నల్ల మందు లెక్కతో పరీక్ష చేసిన గొట్టం. వెనక భాగంలో ఆ పరీక్ష ముద్రను ఆయన తుప్పు తుడిచి టార్చి వేసి చూపించారు. ఆ తర్వాత నిపిల్‌ను, అంటే గుర్రం వచ్చి కొట్టే చిన్న గొట్టాన్ని, గోటితో తట్టి, "ఇక్కడ రంధ్రం ఉంది చూడండి, లోపలి గాలి ఇట్లా వెనక్కి వస్తే దాన్ని ఆపేది ఈ గుర్రం బరువు ఒక్కటే. మీ కన్ను దీనికి జానెడు దూరం" అన్నారు.

చట్టం సంగతి కూడా ఆయనకు బాగా తెలుసు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీని మార్చడం, బాగుచేయడం, పరీక్షించడం ఏదైనా లైసెన్స్ ఉన్నవాడే చేయాలి. పంట కాపలాకు మజిల్ లోడర్ అని ఆ చట్టం 13వ సెక్షన్‌లోనే విడిగా రాసి ఉంది. మన లైసెన్స్ నిలబడేది ఆ మాట మీద. దాన్ని రైఫిల్ గొట్టంతో ఇంకోటిగా చేస్తే కాగితంలో ఉన్న తుపాకీ వేరు, చేతిలో ఉన్నది వేరు అవుతుంది. ఒహాయోలో వాడు చేయించుకున్నది అక్కడి చట్టానికి సరిపోతుంది, మనకు సరిపోదు. మేనల్లుడికి అదే చెప్పాను, వాడూ ఒప్పుకున్నాడు.

డబ్బులు వస్తాయని ఏదైనా చేసిచ్చే మనుషులు ఉన్న రోజుల్లో, పెద్ద పని వదులుకుని చిన్న పని తీసుకున్నాడాయన. నాకు ఈ షాపు మీద గురి కుదిరింది అక్కడే.

ఇక చేసిన పని. గుర్రాన్ని సగం ఎత్తి నిలిపే గాడి అరిగిపోయి ఉంది. తుపాకీలో అన్నింటికన్నా ప్రమాదకరమైన లోపం అదేనని చెప్పారు. నిపిల్ మీద క్యాప్ (దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూత) పెట్టి గుర్రం సగం ఎత్తి భుజాన వేసుకుని నడుస్తుంటే అది జారిందంటే చాలు. ఆ గాడిని బాగుచేసి గట్టిపరిచారు, స్ప్రింగ్ మార్చారు. తిరిగి ఇచ్చేటప్పుడు సగం ఎత్తులో పెట్టి ట్రిగ్గర్‌ను బలంగా లాగి చూపించారు, కదల్లేదు. నిపిల్ రంధ్రం ఏళ్ళ మంటకు పెద్దదైపోయింది, పైభాగం గుర్రం దెబ్బలకు అణిగిపోయింది. కొత్తది వేశారు. గొట్టం లోపల తుప్పు తీసి శుభ్రం చేశారు గానీ నున్నగా అయ్యేదాకా చెక్కలేదు. చిన్న గుంటలు మిగిలాయి. ఇంకా చెక్కితే గోడ పలచబడుతుందని, ఆ గుంటలతో వచ్చే నష్టం లేదని చెప్పారు. గోడ మందం వెర్నియర్‌తో కొలిచి అంకె నాకు చూపించారు. అందం కోసం పలచన చేసేవాళ్ళున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

మడమ చీలికలో జిగురు నింపి, లోపల రెండు చిన్న ఇత్తడి మేకులు కనపడకుండా దించి బిగించారు. పైన వార్నిష్ వేయలేదు, అవిసె నూనె పట్టించి రుద్దారు. చెక్క మీద మా నాయన కత్తితో చెక్కుకున్న రెండు అక్షరాలు ఉంటాయి, వాటి చుట్టూ మాత్రం గీకకుండా వదిలేశారు. నేను అడగలేదు, ఆయనే వదిలారు. ఇంటికి తెచ్చినప్పుడు మా అమ్మ మొదట తడిమి చూసింది ఆ అక్షరాలనే.

షాపులో పేల్చి చూపించరు, ఊరి మధ్య కదా. ఉత్త క్యాప్ ఒకటి పెట్టి, మూతి ముందు నేల మీద ఎండుటాకు ఉంచి కొట్టారు. ఆకు ఎగిరితే నిప్పు దారి తెరుచుకుని ఉన్నట్టు. ఎగిరింది.

కడిగే పద్ధతి కూడా నేర్పించారు. ఇన్నాళ్ళూ మా వైపు కిరోసిన్ పోసి తుడిచేస్తాం. నల్ల మందు వదిలే మురికిలో ఉన్నది ఉప్పులు, అవి కిరోసిన్‌లో కరగవు. లోపలే ఉండి గాలిలో తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తాయి. కాల్చిన రోజే కాగిన నీళ్ళు పోసి కడగాలి. నీళ్ళు వేడిగా ఉంటే గొట్టం వేడెక్కి తడి త్వరగా ఆరిపోతుంది, తర్వాత పొడి గుడ్డ, ఆ పైన నూనె. పొగరాని మందు కావాలని మనం అడిగేది ఈ కడిగే పని తప్పించుకోవడానికే అయితే, సగం చెంబు వేడి నీళ్ళతో పోయేదానికి ప్రాణం మీదికి తెచ్చుకోనక్కరలేదు. టపాకాయలు విప్పి ఆ మందు కూరేవాళ్ళు కూడా మా పక్కన ఉన్నారు. అందులో అల్యూమినియం పొడి ఉంటుంది, అది ఇంకా ఘోరం. దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు.

నాకు నచ్చని విషయాలూ చెప్పాలి. చెప్పిన గడువుకు పని కాలేదు. చెనక్కాయ పీకేలోపు కావాలని మొదటే చెప్పాను, సరే అన్నారు. తుపాకీ చేతికొచ్చేసరికి కళ్ళంలో కాయ కూడా ఎత్తేశాం. ఆ రాత్రులంతా డబ్బాలు కొట్టుకుంటూ కాపలా ఉన్నాం. ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తుతారు, నాలుగుసార్లు ఎత్తరు. ఆయన ఒక్కరే పనిచేస్తారు, సాయానికి కుర్రవాడు లేడు. ఆ సంగతి అర్థమవుతుంది గానీ, కుదరని గడువు చెప్పకుండా ఉంటే బాగుండేది. భుజానికి తగిలించుకునే పట్టా రింగు వదులుగానే ఉండిపోయింది. కొత్త నిపిల్‌కు సరిపోయే క్యాప్‌లు ఆయన దగ్గర లేవు, వేరే డీలర్ దగ్గర లైసెన్స్ మీద కొనుక్కోవాల్సి వచ్చింది.

అన్నీ కలిపి 4,800 రూపాయలు తీసుకున్నారు, అందులో నిపిల్, స్ప్రింగ్ ధర కూడా ఉంది. బిల్లు అడిగితే రాసిచ్చారు. ఏ పని చేశారో వరసగా రాసి, తుపాకీ నంబరు వేసి, సంతకం పెట్టారు. దాన్ని లైసెన్స్ పుస్తకంతో పాటే పెట్టుకున్నాను, రెన్యువల్‌కు పోయినప్పుడు ఎవరైనా అడిగితే చూపించవచ్చు.

ఇవ్వాలనుకునేవాళ్ళు లైసెన్స్ ఒరిజినల్ తీసుకుపోండి, జెరాక్స్ చూడరు. తుపాకీని గుడ్డ సంచిలో కట్టి, క్యాప్‌లు, మందు ఇంట్లోనే వదిలి పోండి. పంట చేతికొచ్చే సీజన్‌కు ముందు ఇవ్వొద్దు, నాట్లు పడిన వెంటనే ఇస్తే ఆయన ఆలస్యం చేసినా మీకు నష్టం ఉండదు. నా పట్టా రింగు పని మిగిలే ఉంది, ఈసారి విత్తనం వేయగానే తీసుకుపోతాను.