హరికేన్ వస్తోందంటే ఇంట్లోనే ఉండటమా, ఊరు ఖాళీ చేయడమా: ఏది మేలు?

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అట్లాంటిక్ హరికేన్ల కాలం. హ్యూస్టన్, టాంపా, ఫోర్ట్ మయర్స్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి ఏడాదీ ఏదో ఒక వారం ఇదే చర్చ: "మీరు ఉంటున్నారా, బయల్దేరుతున్నారా?" ఎవరైనా "కేటగిరీ రెండేనట, ఏం కాదులే" అంటారు. ఇంకొకరు అప్పటికే పిల్లల్ని కారెక్కించుకుని డల్లాస్ దారి పట్టి ఉంటారు. ఇద్దరూ చూడాల్సినదాన్ని వదిలేసి వేరేదాన్ని చూస్తున్నారని నాకనిపిస్తుంది. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ ఇంటికి నీళ్ళొస్తాయా, రావా?

కేటగిరీ అంకె గాలి సంగతి మాత్రమే చెబుతుంది. గాలి గంటకు 74 మైళ్ళు అందుకుంటే ఒకటో కేటగిరీ, 157 మైళ్ళు అందుకుంటే ఐదోది. సముద్రం ఎన్ని అడుగులు లేచి ఊరిమీదికొస్తుందో, వాన ఎన్ని అంగుళాలు పడుతుందో ఆ లెక్కలో లేనేలేదు. 2008లో ఐక్ తీరం దాటినప్పుడు అది రెండో కేటగిరీయే. కానీ గాల్వెస్టన్ పక్కనున్న బొలివర్ ద్వీపకల్పం మీదికి 15 నుంచి 20 అడుగుల ఉప్పెన వచ్చి ఇళ్ళను పునాదులతో సహా ఊడ్చేసింది. 2017లో హార్వీ హ్యూస్టన్‌ను ముంచేనాటికి అది హరికేన్ కూడా కాదు, బలం తగ్గిన తుఫాను. అయినా టెక్సస్‌లోని నెదర్లాండ్ దగ్గర 60.58 అంగుళాల వాన నమోదైంది. 1963 నుంచి 2012 దాకా అమెరికాలో ఈ తుఫానులు నేరుగా తీసిన ప్రాణాలను నేషనల్ హరికేన్ సెంటర్ వాళ్ళు లెక్కగడితే పదింట తొమ్మిది నీటివల్లనే పోయాయని, అందులో ఉప్పెనదే పెద్ద వాటా అని తేలింది. 1977 నవంబరులో దివిసీమ ఏమైందో పెద్దవాళ్ళ నోట విన్న మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. అయినా ఇక్కడికొచ్చాక టీవీలో గిరగిర తిరిగే గాలి బొమ్మ చూసి నీటిని మరిచిపోతున్నాం.

గాలి నుంచి దాక్కో, నీటి నుంచి పారిపో అని ఇక్కడి అత్యవసర విభాగాలవాళ్ళు తరచూ చెబుతుంటారు. ఉండాలా, వెళ్ళాలా అన్న తూకమంతా ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది.

అందుకని మొదట మీ జోన్ తెలుసుకోవాలి. ఫ్లోరిడాలో ఇవాక్యుయేషన్ జోన్లకు, అంటే తుఫానప్పుడు ఖాళీ చేయించే ప్రాంతాలకు, ఏ, బీ, సీ అంటూ అక్షరాలుంటాయి. హ్యూస్టన్-గాల్వెస్టన్ ప్రాంతంలో వాటిని జిప్ కోడ్ ప్రకారం విడగొట్టారు. చాలామంది పొరబడేది ఇక్కడే. "మేము ఫ్లడ్ జోన్ ఎక్స్‌లో, అంటే వరద ముప్పు తక్కువన్న చోట ఉన్నాం, ఇల్లు కొన్నప్పుడే చూసుకున్నాం" అంటారు. అది ఇన్సూరెన్స్ కోసం, అప్పు కోసం వాడే మ్యాపు. ఇవాక్యుయేషన్ జోన్ వేరు, అది ముఖ్యంగా ఉప్పెనను దృష్టిలో పెట్టుకుని గీసింది. ఒకదాన్ని చూసి రెండోదాని గురించి ధీమా పడకూడదు. మీ కౌంటీ వెబ్‌సైటులో అడ్రసు కొడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మీరు ఇవాక్యుయేషన్ జోన్‌లో ఉండి, కౌంటీ ఖాళీ చేయమన్నదా, ఇక బేరాల్లేవు. వెళ్ళడమే మేలు. ఇల్లు కొత్తదైనా, రెండంతస్తులైనా, జనరేటర్ ఉన్నా సరే. మొబైల్ హోమ్‌లో ఉండేవాళ్ళకు జోన్‌తో కూడా పనిలేదు, వాళ్ళు గాలికే బయటపడాలి. పల్లపు జాగాలోనో, గతంలో నీళ్ళొచ్చిన కాలనీలోనో ఉన్నవాళ్ళు జోన్ బయట ఉన్నా వెళ్ళేవాళ్ళ లెక్కలోకే వస్తారు. నిజంగా తూచుకోవాల్సింది మిగిలినవాళ్ళు.

ఆ మిగిలినవాళ్ళకు, అంటే జోన్ బయట, గట్టి ఇంట్లో, ఎన్నడూ నీళ్ళు రాని వీధిలో ఉన్నవాళ్ళకు, ఉండిపోవడమే చాలాసార్లు మంచిది. రోడ్లు నిజంగా పారిపోవాల్సినవాళ్ళకు మిగులుతాయి. కానీ ఉండటమంటే ఆ ఒక్క రాత్రి గడపడం అనుకోకండి. 2024 జులై 8న బెరిల్ ఒకటో కేటగిరీగా టెక్సస్ తీరం దాటింది. హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్నిచోట్ల వారం దాటినా రాలేదు. అదీ జులై ఎండల్లో, ఏసీ లేకుండా. ఉండిపోవడానికి అసలు ఖరీదు ఇదే. 2017లో ఇర్మా తర్వాత ఫ్లోరిడాలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ ఆగిపోయి 12 మంది వృద్ధులు చనిపోయారు. గాలికీ కాదు, నీటికీ కాదు, ఉక్కకు. కాబట్టి ఇంట్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో, పసిబిడ్డో, ఆక్సిజన్ మెషీన్ మీద ఆధారపడేవాళ్ళో, ఇన్సులిన్‌ను చల్లగా దాచుకోవాల్సినవాళ్ళో ఉంటే, నీళ్ళు రాని ఇంట్లో కూడా నేను ఉండమని చెప్పను.

ఉండేవాళ్ళు మనిషికి రోజుకు ఒక గాలన్ చొప్పున కనీసం మూడు రోజులకు, వీలైతే వారానికి సరిపడా తాగునీళ్ళు పెట్టుకోవాలి. బాత్‌టబ్ నింపుకుంటే ఇతర అవసరాలకు పనికొస్తుంది. తలుపు తీయకపోతే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు ఆగుతుంది. కిటికీ అద్దాలకు టేపు అంటించి పని అయిపోయిందనుకుంటారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. షట్టర్లో ప్లైవుడ్డో కావాలి. గరాజ్ తలుపును ఎవరూ పట్టించుకోరు గానీ అది ఊడి గాలి లోపలికి దూరితే పైకప్పు లేచిపోయే ప్రమాదం ఉంది.

జనరేటర్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 2020లో లారా లూయిజియానా మీదికి నాలుగో కేటగిరీగా వచ్చింది. ఆ ఉప్పెనలో బతకడం అసాధ్యమని ముందే హెచ్చరించారు, తీరంలో జనం వెళ్ళిపోయారు. ఆ తర్వాత కరెంటు లేని ఇళ్ళలో జనరేటర్ పొగ పీల్చి చనిపోయినవాళ్ళు ఉప్పెనకు పోయినవాళ్ళకంటే ఎక్కువ. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటర్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయట పెట్టాలి. తలుపు పూర్తిగా తెరిచినా గరాజ్‌లో పెట్టకూడదు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా జనరేటర్ కొనకండి.

ఇక దూరం పోవడం. ఎంత దూరం పోతే అంత క్షేమమని అనిపించడం సహజం. 2005 సెప్టెంబరులో రీటా వస్తోందంటే, అప్పటికి నెల కూడా కాని కత్రినా భయంతో, హ్యూస్టన్ ప్రాంతం నుంచి 25 లక్షలకు పైగా జనం ఒక్కసారిగా రోడ్డెక్కారు. వెళ్ళక్కర్లేనివాళ్ళు కూడా వెళ్ళారు. హైవేల మీద గంటలకొద్దీ కార్లు కదల్లేదు, పెట్రోలు అయిపోయింది, ఎండదెబ్బకు మనుషులు పోయారు. డల్లాస్ సమీపంలో నర్సింగ్ హోమ్ వృద్ధులను తీసుకెళ్తున్న బస్సుకు మంటలంటుకుని 23 మంది చనిపోయారు. చివరికి రీటా టెక్సస్-లూయిజియానా సరిహద్దు వైపు తిరిగిపోయింది. తుఫాను నేరుగా తీసిన ప్రాణాలకంటే ఆ ప్రయాణం తీసినవే ఎన్నో రెట్లు ఎక్కువ. 2017లో హార్వీ ముందు హ్యూస్టన్ మేయర్ ఊరంతటినీ ఖాళీ చేయించకపోవడానికి చూపిన కారణాల్లో ఈ అనుభవం ఒకటి. అప్పుడు ఆయన మీద విమర్శలు వచ్చాయి గానీ, జలమయమైన హైవేల మీద లక్షల కార్లు ఇరుక్కుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను.

దూరం పోతే తుఫాను వెంటే రావచ్చు కూడా. 2024 సెప్టెంబరులో హెలీన్ ఫ్లోరిడా తీరం దాటింది. ఒక్క నార్త్ కరొలైనాలోనే వందకు పైగా ప్రాణాలు పోయాయి. అది సముద్రానికి వందల మైళ్ళ దూరంలో, కొండల మధ్య వచ్చిన వరద. అదే హెలీన్, తీరం దాటిన చోటికి వంద మైళ్ళకు పైగా దూరంలో ఉన్న టాంపా బే ఇళ్ళలోకీ ఉప్పెన తెచ్చింది. రెండు వారాలు తిరగకుండా వచ్చిన మిల్టన్ ఫ్లోరిడా పడమటి తీరాన్ని గురిచూస్తే, దానివల్ల పుట్టిన టోర్నడోలు తూర్పు తీరంలోని సెయింట్ లూసీ కౌంటీలో మనుషుల్ని చంపాయి. కాబట్టి గమ్యం ఎంచుకునేటప్పుడు తుఫాను కేంద్రం తీరం దాటాక ఎటు పోతుందో, వానలు ఎక్కడ పడతాయో కూడా చూడాలి.

ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. ఎక్కువమందికి నేను చెప్పేది అదే: వందల మైళ్ళు కాదు, పదుల మైళ్ళు. ఉప్పెన అందని, వరద రాని, గట్టి కప్పున్న ఇల్లు ఎక్కడుంటే అక్కడిదాకా చాలు. ఇందులో మనవాళ్ళకున్న అదృష్టం ఏమిటంటే, ఏ ఊళ్ళోనైనా లోపలి వైపు తెలిసిన కుటుంబం ఒకటి దొరుకుతుంది. మొహమాటం మానుకుని మే నెలలోనే వాళ్ళతో మాట్లాడి పెట్టుకోండి: "అవసరమైతే మేము నలుగురం మీ ఇంటికొస్తాం, బియ్యం, నీళ్ళు, పరుపులు మేమే తెచ్చుకుంటాం." బయల్దేరే రోజున చేసే ఫోనుకు, ముందే అనుకున్న ఏర్పాటుకు చాలా తేడా ఉంది. ఆ రోజు ఫోను చేస్తే చోటు దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. పైగా హోటళ్ళన్నీ అప్పటికే నిండిపోయి ఉంటాయి.

ఆ ఇంటినీ పరీక్షించి ఎంచుకోవాలి. హ్యూస్టన్‌లో పడమరకు పోతే చాలు, ఎత్తు అనుకుంటారు. హార్వీలో అడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల వెనక కట్టిన కాలనీల్లో వేల ఇళ్ళు మునిగాయి, అవి సముద్రానికి దూరంగా, పడమర దిక్కునే ఉన్నాయి. హార్వీలో ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చాయా అని సూటిగా అడగండి.

అలాంటి ఇల్లు దొరక్కపోతే కౌంటీ షెల్టర్. సౌకర్యం ఉండదు, ఏకాంతం ఉండదు, మనకు నచ్చే తిండి దొరకదు. కానీ ఉప్పెన వచ్చే ఇంటికంటే అది వెయ్యి రెట్లు నయం. దుప్పట్లు, మందులు వెంట తీసుకెళ్ళాలి. కుక్కో పిల్లో ఉంటే ఏ షెల్టర్‌లో రానిస్తారో ముందే కనుక్కోవాలి.

ఎక్కడికెళ్ళినా మనకు ప్రత్యేకంగా ఒక సంచి ఉండాలి: పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా ఆమోద పత్రం), ఐ-20 (విద్యార్థులకు కాలేజీ ఇచ్చే పత్రం), పిల్లల జనన ధృవీకరణ పత్రాలు, ఇన్సూరెన్స్ కాగితాలు, అన్నీ నీళ్ళు చొరని కవరులో. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు గానీ తడిసిన వీసా కాగితాలకు కొత్తవి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. ఇంకో మాట. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరదకు వర్తించదు. ప్రభుత్వ వరద బీమా విడిగా తీసుకోవాలి, మామూలుగా అది అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది. తుఫాను మ్యాపు మీద కనిపించాక కొంటే ఆ తుఫానుకు పనికిరాదు.

వెళ్ళాలని తేలాక అసలు పరీక్ష సమయమే. తుఫాను గాలులు తాకడానికి దాదాపు 48 గంటల ముందు హరికేన్ వాచ్ (రావచ్చన్న హెచ్చరిక), 36 గంటల ముందు వార్నింగ్ (రాబోతోందన్న హెచ్చరిక) ఇస్తారు. తీరం జోన్లలో ఉన్నవాళ్ళు వాచ్ రాగానే కారు నింపుకుని ఉండాలి. 2022లో ఇయన్ దీనికి పెద్ద ఉదాహరణ. మ్యాపు మీది గీత చాలాకాలం టాంపా వైపు చూపించింది. ఫోర్ట్ మయర్స్ ఉన్న లీ కౌంటీ, తుఫాను దారిని అంచనా వేసి చూపే శంఖాకారపు చిత్రం అంచున ఉండటంతో చాలామంది నింపాదిగా ఉన్నారు. అక్కడ తప్పనిసరిగా వెళ్ళాలన్న ఉత్తర్వు సెప్టెంబరు 27 ఉదయం వచ్చింది, మర్నాడు మధ్యాహ్నానికి తుఫాను తీరం దాటింది. ఉప్పెనలో 41 మంది చనిపోయారు, అత్యధికులు ఆ కౌంటీ వాళ్ళే. ఆ చిత్రం తుఫాను కేంద్రం ఎటు వెళ్ళవచ్చో చెబుతుంది, అదీ మూడింట రెండు వంతుల సార్లు మాత్రమే నిజమవుతుంది. ప్రమాదం దాని గీతల దగ్గర ఆగదు. కౌంటీ చెప్పకముందే మీరు కదిలితే తప్పేమీ లేదు. తుఫాను తప్పిపోతే రెండు రోజుల సెలవూ, కాస్త పెట్రోలూ పోతాయి, అంతే. పోయినసారి అనవసరంగా వెళ్ళాం కదా అని ఈసారి ఆగిపోవడం మాత్రం లెక్కకు నిలవదు. ఈ తుఫానుకూ ఆ తుఫానుకూ సంబంధం లేదు.

ఒకవేళ ఆలస్యమైపోయి, గాలులు మొదలైపోతే, అప్పుడు వెళ్ళడం మేలు కాదు. గాలి గంటకు 40, 45 మైళ్ళు దాటితే చాలాచోట్ల అంబులెన్సులు, ఫైరింజన్లు కూడా బయటికి రావు. వేగంగా పారే రెండు అడుగుల నీరు చాలా కార్లను ఈడ్చుకుపోతుంది. కిటికీలు లేని లోపలి గదిలో ఉండండి. నీళ్ళు లోపలికొస్తే పై అంతస్తుకు ఎక్కండి, కానీ బయటికి దారిలేని అటకలోకి మాత్రం ఎక్కొద్దు. కత్రినాలో అలా ఎక్కినవాళ్ళు కొందరు పెరుగుతున్న నీటికీ పైకప్పుకూ మధ్య చిక్కుకుపోయారు. ఫోను ఛార్జింగ్ దాచుకోండి, ఎంతమంది ఉన్నారో, ఏ అంతస్తులో ఉన్నారో 911కి ముందే చెప్పి పెట్టండి, దూరంగా ఉన్న ఒక్కరికైనా అదే సంగతి మెసేజ్ చేయండి.