పచ్చ టిక్కు పడినా తెరిచి చూడాల్సిన లైను: ఓఏఎస్‌డిఫ్, స్పెక్ట్రల్ రెండేళ్ల వాడకం

ఏపీఐ స్పెక్ (సర్వీస్‌ని ఏ చిరునామాలో, అంటే ఏ ఎండ్‌పాయింట్‌లో, ఎలా పిలవాలో, ఏం తిరిగొస్తుందో రాసిన ఫైలు) ఎవరూ చూడకుండా మారిపోకూడదు. చూసి మార్చినా సెక్యూరిటీ నియమాలు దాటకూడదు. ఈ రెండు కాపలాలకీ సీఐలో (కోడ్ మారినప్పుడల్లా వాటంతటవే జరిగే తనిఖీల్లో) రెండేళ్లుగా ఓఏఎస్‌డిఫ్, స్పెక్ట్రల్ నడుస్తున్నాయి. రెండూ ఓపెన్ సోర్స్ కమాండ్‌లైన్ టూల్సే. మొదటిది పాత స్పెక్‌నీ కొత్త స్పెక్‌నీ పోలుస్తుంది, రెండోది చేతిలో ఉన్న స్పెక్‌ని మనం రాసిన రూల్స్‌తో సరిచూస్తుంది. వీటిలో ఏదో ఒకటి పెట్టుకుంటే చాలనుకునేవాళ్లు ఈ కింది భాగం తప్పక చదవాలి.

ఓఏఎస్‌డిఫ్ లైన్లని కాదు, అర్థాన్ని పోలుస్తుంది. స్పెక్ రాసే యామల్ ఫైల్లో కీల వరుస మారితే పట్టించుకోదు. పాత్‌లో పారామీటర్ పేరు మాత్రమే మారితే అది అదే ఎండ్‌పాయింట్ అని గుర్తిస్తుంది. రిక్వెస్ట్‌నీ రెస్పాన్స్‌నీ వేరుగా చూడటం నాకు అన్నిటికన్నా నచ్చింది. రిక్వెస్ట్ ఈనమ్‌లోంచి (అనుమతించిన విలువల జాబితాలోంచి) ఒక విలువ తీసేస్తే పాత క్లయింట్ విరుగుతుంది. రెస్పాన్స్ ఈనమ్‌లో కొత్త విలువ చేరినా, దాన్ని ఊహించని క్లయింట్ తడబడొచ్చు. ఈ రెండోది ఎర్రర్ కాదు, వార్నింగ్‌గా వస్తుంది. అందుకే ఏ స్థాయికి చెక్ ఫెయిల్ అవ్వాలో చెప్పే ఫెయిల్-ఆన్ విలువ 'ఎర్రర్' దగ్గర ఆపకుండా 'వార్న్' పెట్టండి.

అసలు చిక్కు ఇక్కడుంది. 'బ్రేకింగ్' కమాండ్ అడిగే ప్రశ్న ఒక్కటే: పాత క్లయింట్ ఆగిపోతుందా? ఒక ఆపరేషన్ (ఒక పాత్ మీద గెట్, పోస్ట్ లాంటి పిలుపు) కింద 'సెక్యూరిటీ: []' అని రాస్తే ఫైలు పైన పెట్టిన గ్లోబల్ నియమం ఆ ఆపరేషన్‌కి రద్దవుతుంది, టోకెన్ (పిలిచేది ఎవరో చెప్పే కీ) లేకుండానే పిలవొచ్చని స్పెక్ చెబుతుంది. దీనివల్ల ఏ క్లయింటూ ఆగదు కాబట్టి చెక్ పచ్చగానే దాటుతుంది. సెక్యూరిటీ తొలగింపులు, అన్ని మార్పులూ చూపే 'ఛేంజ్‌లాగ్' కమాండ్‌లో కూడా సమాచారం స్థాయిలో మాత్రమే వస్తాయి. కంప్లయన్స్ పరంగా ఇంతకన్నా పెద్ద మార్పు లేదు. సివియారిటీ-లెవెల్స్ ఫైల్లో సెక్యూరిటీ తొలగింపుల స్థాయిని ఎర్రర్‌కి పెంచి, ఛేంజ్‌లాగ్‌నే గేటుగా పెట్టాలి.

స్పెక్ట్రల్‌తో వచ్చే రూల్స్ కూడా దీన్ని పట్టవు. సెక్యూరిటీకి సంబంధించి అందులో ఉన్న రూల్, వాడిన స్కీమ్ (టోకెన్ లాంటి గుర్తింపు పద్ధతి) పేరు స్పెక్‌లోని కాంపొనెంట్స్ భాగంలో ఉందా లేదా లాంటివి చూస్తుంది. ఖాళీ లిస్టులో పేరే లేదు కాబట్టి తప్పూ లేదు. సొంత రూల్ రాయాలి. 'లెంగ్త్' ఫంక్షన్‌తో కనీసం 1 అని పెడితే సగం పని అవుతుంది. లిస్టులో ఇతర స్కీమ్‌ల పక్కన ఖాళీ ఆబ్జెక్ట్ {} ఒకటి చేరిస్తే ఆథెంటికేషన్ ఐచ్ఛికమైపోతుంది, లెంగ్త్ రూల్ మాత్రం సంతోషంగా దాటిస్తుంది. 'స్కీమా' ఫంక్షన్ వాడి మిన్‌ఐటమ్స్ 1, ప్రతి ఐటమ్‌కీ మిన్‌ప్రాపర్టీస్ 1 అని పెడితే రెండు కంతలూ మూసుకుంటాయి. సెక్యూరిటీ ఫీల్డ్ అసలు లేని ఆపరేషన్లని ఈ రూల్ వదిలేస్తుంది కాబట్టి, స్పెక్ పైస్థాయిలో సెక్యూరిటీ ఉండి తీరాలనే రూల్ ఇంకొకటి కావాలి.

ఇంకో సంగతి: స్పెక్ట్రల్ మామూలుగా ఎర్రర్ స్థాయి ఉంటేనే బిల్డ్‌ని ఆపుతుంది. దాని సొంత రూల్స్‌లో చాలా భాగం వార్నింగ్‌లే. ఫెయిల్-సివియారిటీ మార్చకపోతే లాగ్ నిండా పసుపు, మెర్జ్ మాత్రం ఆగదు.

గిట్‌హబ్‌లో తరచూ తగిలే దెబ్బలు మూడు. రిపోని సీఐలోకి దింపే చెకౌట్ యాక్షన్ డిఫాల్ట్‌గా ఒక్క కమిట్టే తెస్తుంది, పోల్చడానికి పాత స్పెక్ దొరకదు. ఫెచ్-డెప్త్ 0 పెట్టాలి. వర్క్‌ఫ్లోకి (సీఐ పనుల వరుసకి) స్పెక్ మారితేనే నడవాలని పాత్ ఫిల్టర్ పెట్టి అదే చెక్‌ని తప్పనిసరి చేస్తే, స్పెక్ ముట్టని పుల్ రిక్వెస్టులు పెండింగ్‌లోనే వేలాడతాయి. ఫిల్టర్‌ని వర్క్‌ఫ్లో లోపల స్టెప్‌లోకి మార్చండి. ఏ ఫైలుకి ఎవరి రివ్యూ కావాలో రాసే కోడ్‌ఓనర్స్ ఫైల్లో చివరగా సరిపోలిన వరుసే చెల్లుతుంది, కాబట్టి కింద ఒక '*' పడితే పైన స్పెక్‌కి రాసిన ఓనర్లు ఎగిరిపోతారు. స్పెక్‌తోపాటు స్పెక్ట్రల్ రూల్స్, ఓఏఎస్‌డిఫ్ ఇగ్నోర్ ఫైలు, వర్క్‌ఫ్లో ఫైలు, కోడ్‌ఓనర్స్ ఫైలు కూడా అదే రివ్యూవర్ల కింద ఉండాలి. కొత్త కమిట్ వస్తే పాత అప్రూవల్ చెల్లని సెట్టింగ్ వేసి ఉండాలి. లేకపోతే రివ్యూ అయ్యాక చేరిన లైన్‌ని ఎవరూ చూడరు.

రిపోలో స్పెక్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన నడుస్తున్న సర్వీస్ అలాగే ఉందని కాదు. రాత్రిపూట ఒక జాబ్ కోడ్ నుంచే స్పెక్ తయారుచేసే స్ప్రింగ్‌డాక్, ఫాస్ట్‌ఏపీఐ ఇచ్చే స్పెక్‌ని సర్వీస్ నుంచే దింపి, మెయిన్ బ్రాంచ్‌తో పోల్చాలి. ఫాస్ట్‌ఏపీఐ 0.99 నుంచి ఓపెన్‌ఏపీఐ (స్పెక్ రాసే ప్రమాణం) 3.1 రూపంలో స్పెక్ ఇస్తుంది కాబట్టి, ఆ అప్‌గ్రేడ్‌ని వేరే పుల్ రిక్వెస్టుగా పెట్టడం మంచిది. ఫీచర్ మార్పులతో కలిపితే ఏది అసలు మార్పో తేలదు.

ఈ రాత్రి జాబ్‌కీ ఒక గుడ్డి మూల ఉంది. ఫాస్ట్‌ఏపీఐలో స్కీమాలో చేర్చొద్దని రాసిన రూట్లు, స్ప్రింగ్‌డాక్‌లో హిడెన్ అని గుర్తు పెట్టినవి స్పెక్‌లోకే రావు. సాఫ్ట్‌వేర్ భద్రతా సంస్థ ఓవాస్ప్ ఇచ్చిన 2023 ఏపీఐ ముప్పుల జాబితాలో తొమ్మిదో ముప్పు ఇలా లెక్కకి రాని ఎండ్‌పాయింట్ల గురించే. వీటికి ఓఏఎస్‌డిఫ్, స్పెక్ట్రల్ రెండూ అక్కరకి రావు. గేట్‌వే (రిక్వెస్టులు సర్వీస్‌కి చేరేముందు దాటే ద్వారం) రూట్ల జాబితానీ యాక్సెస్ లాగ్‌లో కనిపించిన పాత్‌లనీ తీసి, స్పెక్ పాత్‌లతో చిన్న స్క్రిప్టుతో పోల్చుకోవాలి. మా దగ్గర అది వారానికోసారి నడుస్తోంది.