తోలు డప్పు, ఫైబర్ డప్పు: ఏడేళ్ళ వాడకం తర్వాత

డప్పు కొట్టడానికి లావుపాటి చిర్ర, సన్నని చిటికెన పుల్ల అనే రెండు పుల్లలు ఉంటే చాలదని, జేబులో అగ్గిపెట్టె కూడా ఉండాలని కొనే ముందు నాకు ఎవరూ చెప్పలేదు. 2018 వేసవిలో ఒంగోలు దగ్గరి మా ఊళ్ళో ఒక పెద్దాయన వేపచెక్క చట్రానికి చింతగింజల జిగురుతో మేకతోలు అంటించి, తోలు పట్టీతో (వారుతో) బిగించి నాకు తోలు డప్పు చేసి ఇచ్చాడు. మూడేళ్ళ తర్వాత ఇనుప చట్రానికి తోలు బదులు ఫైబర్ పొరను బోల్టులతో బిగించిన ఫైబర్ డప్పు కొన్నాను. రెండూ ఇప్పటికీ మా ఇంట్లో ఒకే గోడకు పక్కపక్కన వేలాడుతున్నాయి. వాటి ఆకారం, కొలత, భుజాన వేసుకునే తీరు ఊరేగింపు చూసిన ప్రతివారికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ రెంటి మధ్య తేడా అంతా ఒక్క పనిలో ఉంది. అది కాచడం, అంటే సెగ చూపి బిగించడం. తోలుకు అది కావాలి, ఫైబరుకు అక్కర్లేదు.

తోలు గాలిలోని తేమను పీల్చుకుని సాగుతుంది. సాగిన డప్పు మీద చిర్ర వేస్తే తడిసిన గోనెపట్టా మీద కొట్టినట్లు ఉంటుంది. సెగ చూపితే తేమ ఆరి తోలు బిగుస్తుంది. అప్పుడు నడుమ వేసిన దెబ్బ గుమ్మని లోతుగా, అంచున చిటికెన పుల్ల టంగుమని సన్నగా పలుకుతాయి. నా డప్పుకు ఆ బిగువు మే నెల మధ్యాహ్నం గంటకు పైగా నిలుస్తుంది కానీ శ్రావణంలో అరగంట కూడా ఉండదు. అందుకే మా ఊళ్ళో ఊరేగింపు ఆగిన ప్రతిచోటా దారి పక్కన ఇంత వరిగడ్డి, నాలుగు తాటాకులు అంటించి డప్పులను చుట్టూ పట్టుకుని నిలబడేవారు. చిన్నప్పుడు నేను దాన్ని అలుపు తీర్చుకోవడం అనుకునేవాణ్ణి. వీణకు బిరడలు తిప్పడం ఎలాగో డప్పుకు ఆ మంట అలాగని చాలా ఆలస్యంగా తెలిసింది.

విజయవాడలో మూడో అంతస్తు వాటాలో ఉండేవాడు వరిగడ్డి మంట ఎక్కడ వేయాలి? మొదట డాబా మీద ఎండలో పెట్టి చూశాను. ఎండ బాగానే పనిచేస్తుంది, కానీ నేను ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చేసరికి తోలు మళ్ళీ మెత్తబడి ఉంటుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పెడితే గాలి తగిలిన చోటు బిగిసి, తగలని చోటు సాగి, ఒకే డప్పు రెండు గొంతులతో పలికింది. మిగిలింది గ్యాస్ పొయ్యి. అక్కడే అసలు కథ జరిగింది.

2019 కార్తీకంలో మా మేనత్త కొడుకు పెళ్ళి. ఊరేగింపులో వెనుక వరుసలో కొట్టడానికి ఊరి మేళంవాళ్ళు ఒప్పుకున్నారు. మొదటిసారి నలుగురిలో కొట్టబోతున్న ఆత్రంలో, ఎవరికీ చెప్పకుండా పెళ్ళివారింటి వంటగదిలో పొయ్యి వెలిగించి, జానెడు ఎత్తున డప్పు పట్టుకున్నాను. ముందు వెంట్రుకలు కాలిన కమురు వాసన వచ్చింది. తోలు మీద రూపాయి బిళ్ళంత గోధుమరంగు మచ్చ కనిపించింది. పక్కకు లాగేలోపే ఫట్‌మని అంచు నుంచి నడుమకు నాలుగు వేళ్ళ పొడవున చీలిపోయింది. ఆ వాసనకు అందరికంటే ముందు వచ్చినవాడు మా నాన్న.

ఆయన రావడంలో విశేషం ఏమిటో చెప్పాలి. మా తాత డప్పు కొట్టి, ఊళ్ళో చాటింపు వేసి బతికినవాడు. చావుకు కొట్టాలి, కొలుపుకు కొట్టాలి, కొట్టాక దూరంగా నిలబడి పెట్టింది తీసుకోవాలి. అది చూస్తూ పెరిగిన మా నాన్న ఉద్యోగం వచ్చాక ఇంటి గడప లోపలికి డప్పు రానివ్వలేదు. 1994 జులై 7న మాకు దగ్గరి ఊరైన ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. పేరులోనే డప్పు మోగే ఆ ఉద్యమం సభలకు ఆయన వెళ్ళాడు, నినాదాలు చేశాడు, కానీ అక్కడ కూడా డప్పు పట్టలేదట. నేను డప్పు చేయించుకున్నప్పుడు తిట్టలేదు. మాట్లాడడం మాత్రం కొన్నాళ్ళు మానేశాడు.

అలాంటి మనిషి ఆ రోజు చీలిన తోలును ఒకసారి చూసి, మేళంవాళ్ళ దగ్గర అదనంగా ఉన్న డప్పు అడిగి తెచ్చి, నన్ను పెరట్లోకి పిలిచాడు. ఎండు కొబ్బరి మట్టలు అంటించి, మంట ఎగిసి తగ్గిందాకా ఊరుకున్నాడు. "అట్లా కాదురా. మంటకు పెట్టమాక, సెగకు పెట్టు," అంటూ తోలు వైపు సెగకు తిప్పి, బండి చక్రంలా మెల్లగా తిప్పుతూ పోయాడు. మధ్యమధ్య అరచేయి వెనుక భాగం తోలుకు ఆనించి వేడి చూశాడు. అంచు వెంట నాలుగు చోట్ల మెటికతో తట్టి విన్నాడు. ఒక చోట గొంతు తగ్గిందనిపించగానే ఆ వైపు మరికాస్త సెగ చూపి మళ్ళీ తట్టాడు. నాలుగూ ఒకేలా పలికాక డప్పు నా చేతికిచ్చి, తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఒక్క దెబ్బ కూడా వేయలేదు. కాచడం గురించి నాకు తెలిసినదంతా ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నదే. చీలిన నా డప్పుకు తర్వాత కొత్త తోలు వేయించాను.

ఫైబర్ డప్పు కొన్నది 2021లో. కొత్తలో దాన్ని తెగ మెచ్చుకున్నాను, కనిపించినవారికల్లా కొనమని చెప్పాను. అందుకు కారణం లేకపోలేదు. 2022 శ్రావణంలో మా ఊరి కొలుపు నాడు జల్లు ఆగకుండా పడుతుంటే, మంట నిలవక ఆరు తోలు డప్పులు ఒకటొకటిగా మూగబోయాయి. అమ్మవారి గుడి దాకా నా ఫైబర్ డప్పు ఒక్కటే మోగింది. ఆ రాత్రి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఇప్పుడు ఆ పొగడ్తను కాస్త తగ్గించుకోవాలి. ఫైబరుకు అంచు ఉంది, నడుమ లేదు. కీ తిప్పి ఎంత సరిచేసినా ఆ లోతైన గుమ్ రాదు. బోల్టు వదిలితే మెత్తబడుతుందే తప్ప లోతు పెరగదు. తోలు డప్పులు మళ్ళీ గొంతు విప్పిన తర్వాత నాది వాటి మధ్య రేకు డబ్బాలా వేరుగా వినిపించిందని మేళంలో పెద్దాయన నవ్వుతూ అన్నాడు, అది నిజమే. నడకలో అదిరి అదిరి నట్లు వదులవుతాయి. ఒక పెళ్ళిలో ఒక నట్టు ఎక్కడో రాలిపోతే ఆ బోల్టుకు దారం చుట్టి ఊరేగింపు ముగించాను. అన్నింటికంటే పెద్ద నష్టం చేతికి జరిగింది. ఫైబరు మీద చిటికెన పుల్ల దానంతట అదే ఎగురుతుంది కాబట్టి పెళ్ళిళ్ళలో అందరూ అడిగే తీన్‌మార్ లాంటి వేగపు దరువు తేలిగ్గా వస్తుంది. ఆ అలవాటుతో తోలు డప్పు ఎత్తుకుంటే పుల్ల తిరిగి లేవదు, మణికట్టు లేపాలి. (తీన్‌మార్ అచ్చంగా డప్పుదేనని నేనూ అనుకునేవాణ్ణి. నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు, హబ్షీ (ఆఫ్రికా) సైనికుల మార్ఫా అనే వాద్యమేళంలో కూడా అది ఉంది. హైదరాబాదు పాతబస్తీ బరాత్‌లో, అంటే పెళ్ళి ఊరేగింపులో, వింటే తేడా తెలుస్తుంది.)

నేర్చుకోవాలనుకునేవారు ముందు ఏ డప్పూ కొనకండి. నాకు నేర్పినాయన మొదటి నెలంతా దరువును నోటితో పలికించి, రెండు పుల్లలతో పీట మీద కొట్టించాడు. ఊరి మేళంలో చేరాలంటే వెనుక వరుసలో నిలబడి, ముందున్నాయన చేయి చూస్తూ కొట్టడమే దారి. చావు ఇంటి దగ్గర మాత్రం పిలవకుండా సరదాకు చేరవద్దు. అక్కడ కొట్టేవారికి అది ఇంకా కూలి. నేర్పినవారికి డబ్బు ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు 2024 జులై నుంచి పింఛను నెలకు 4,000 రూపాయలు అయింది, దానితో ఇల్లు గడవదు.

పెరడు ఉన్న ఇంట్లో ఉంటే నేను ఫైబరు కొనేవాణ్ణే కాదేమో. వాటాలో ఉంటూ, రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే తీరిక దొరికే నాకు అది లేకపోతే సాధనే ఉండేది కాదు. వానాకాలం కార్యక్రమాలు ఎక్కువగా ఒప్పుకునేవారి లెక్క మరోలా ఉంటుంది. ప్రస్తుతం ఆదివారం సాయంత్రాలు డాబా మీద బొగ్గుల కుంపటి పెట్టుకుని తోలు డప్పు కాచుకుంటున్నాను. పొగ రాదు కాబట్టి కింది వాటాలవారు ఇంకా ఏమీ అనలేదు, అయితే దరువు గురించి మాత్రం అన్నారు. ఈ వారం బొగ్గులు నిండుకున్నాయి, అందుకని ఫైబర్‌దే దించాను.