మా షాపులో మినిమల్ డెబియన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

తిరుపతి బస్టాండు దగ్గర మాకు జిరాక్సు, ప్రింటవుట్ల షాపు ఉంది. 2021 చివర్లో అక్కడి పాత సిస్టమ్‌లో డెబియన్ 11 వేశాను. డెబియన్ అంటే విండోస్ బదులు వాడుకునే ఉచిత లినక్స్ సిస్టమ్. ర్యామ్ 2 జీబీ. అందుకే ఎంత తక్కువ ఎక్కితే అంత మంచిదనుకున్నాను.

డెబియన్‌లో ప్రోగ్రాములు ప్యాకేజీలుగా వస్తాయి, ఒక్కో ప్యాకేజీ తనకు తోడుగా కావలసిన వేరే ప్యాకేజీలను మూడు రకాలుగా చెబుతుంది. డిపెండ్స్ అంటే తప్పనిసరి, అవి లేకుండా ప్యాకేజీ ఎక్కదు. రికమెండ్స్ అంటే మామూలుగా అందరికీ కావలసినవి. 2009లో వచ్చిన లెన్నీ అనే డెబియన్ వెర్షన్ నుంచి, ప్యాకేజీలను తెచ్చి వేసే ఏపీటీ అనే ప్రోగ్రాము వీటిని కూడా తనే తెచ్చి వేస్తుంది. సజెస్ట్స్ మన ఇష్టం. నేను రికమెండ్స్ మొత్తం ఆపేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేశాను.

మొదట తెరే రాలేదు. తెర మీద కిటికీలు, బొమ్మలు చూపించే ఎక్స్‌ఆర్గ్ ఉన్నది రికమెండ్స్‌లోనే. అది విడిగా వేసుకుంటే డెస్క్‌టాప్ వచ్చింది, చకచకా నడిచింది, చాలా సంతోషపడ్డాను.

రెండో రోజు పొద్దున్నే ఒకాయన దర్శనం టికెట్ల పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. గుచ్చితే ఫైళ్లు చూపించే థునార్‌లో ఏమీ కనపడలేదు. "కొండకు పోవాల, తొందరగా తీయన్నా" అంటున్నాడు, వెనక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. టెన్షన్‌లోనే టెర్మినల్ తెరిచి, కమాండు కొట్టి పెన్‌డ్రైవ్‌ను సిస్టమ్‌కు కలిపి (మౌంట్ చేసి) ప్రింట్ తీసిచ్చాను. పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టి చూపించే జీవీఎఫ్‌ఎస్, యూడిస్క్స్ రెండూ నేను ఆపేసినవాటిలోనే ఉన్నాయని సాయంత్రం తెలిసింది. పోల్‌కిట్ ఏజెంటు కూడా అంతే. పాస్‌వర్డ్ అడిగే ఆ చిన్న కిటికీ లేకపోతే కొన్ని పనులకు అనుమతి రాదు, ఎందుకు రాలేదో కూడా తెలియదు.

తెలుగు సంగతి ఇంకా బాధ. ఒకమ్మ తెచ్చిన అర్జీ ఫైలు తెరిస్తే అక్షరాల చోట అన్నీ డబ్బాలే. లోహిత్ తెలుగు ఫాంటు ఒక్కటి వేస్తే సరిపోయింది. తెలుగు లొకేల్ (సిస్టమ్ భాష) ఎంచుకున్నా ఎంచుకోకపోయినా, మన అక్షరాలు చూపించే ఒక ఫాంటు ఏ డెస్క్‌టాప్‌కైనా తప్పనిసరిగా ఉండాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

ఇంకొకటి నాకు ఆలస్యంగా అర్థమైంది. డిస్కులో ఊరికే పడి ఉన్న ప్యాకేజీ ర్యామ్ తినదు, నడుస్తున్నదే తింటుంది. పెన్‌డ్రైవ్‌కు కావలసినవి, ఫాంట్లు, నెట్ కలిపే నెట్‌వర్క్‌మేనేజర్, సౌండు, ప్రింటరును నడిపే కప్స్ అన్నీ తిరిగి వేశాక కూడా లాగిన్ కాగానే వాడకం 500 ఎంబీ దాటలేదు. వీటిని కోసేసి నేను మిగుల్చుకున్నది దాదాపు ఏమీ లేదు.

లిబ్రేఆఫీస్ మొత్తం, మెయిల్ ప్రోగ్రాము, ఆటలు మాత్రం ఎవరికి కావాలంటే వాళ్లు వేసుకోవాలి. మాకు అందులో డాక్యుమెంట్లు రాసే రైటర్ ఒక్కటి చాలు, అది విడిగా దొరుకుతుంది.

2023లో డెబియన్ 12కి మార్చాను, ఇబ్బంది రాలేదు. ఆ వెర్షన్ నుంచి వైఫై ఫర్మ్‌వేర్ (వైఫై చిప్ పనిచేయడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. పోయిన నెల మా బామ్మర్ది ల్యాప్‌టాప్‌కు వేసినప్పుడు రికమెండ్స్ అలాగే ఉంచాను. అక్కర్లేని రెండు మూడు మాత్రం తర్వాత తీసేశాను.